కడలి యడుగున ఔషధము: హక్కెవరిది?

ఎచ్చట కాగజ్‌నగరము, ఎచ్చట బంగాళాఖాతము! సముద్రపు సూక్ష్మజీవులను గూర్చి ఈ కాగితపు మిల్లు పట్టణమున చర్చ యేలయని చదువరులు నవ్వవచ్చును. కాని పెద్దలు రాచపుండని పిలిచిన క్యాన్సర్ సోకినవారు కాజీపేట మీదుగా రైలెక్కి హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రికి పోవుచునే యున్నారు. రక్తపు క్యాన్సరునకు వాడు సైటరబిన్, కరీబియన్ సముద్రపు స్పంజిలో దొరకిన ద్రవ్యములను జూచి రూపొందించిన మందు. 1969లో అమెరికా దాని ననుమతించెను.

వేయి మీటర్ల లోతున వాయుపీడనమునకు నూఱు రెట్ల యొత్తిడి కలదు, వెలుతురు లేదు. ఉప్పుమళ్లలో వేఱు ప్రాణి నిలువజాలని నీటిని ఎఱ్ఱబార్చుచు బ్రతుకు జీవులును కలవు. ఇట్టి చోట్ల మనుటకై, పొరుగుజీవిని త్రోసివేయుటకై అవి వింత రసాయనములను కూర్చుకొనును. వానిలో నేదైన క్యాన్సర్ కణమునకును మృత్యువగునేమోయని శాస్త్రజ్ఞుల యాశ.

ఆశకు హద్దు నెఱుగవలెను. బహామాదీవుల సముద్రపు బురదలో దొరకిన యొక సూక్ష్మజీవి నుండి తీసిన సాలినోస్పొరమైడును 2003లో ప్రకటించిరి. మెదడు కంతి రోగులపై పెద్ద యెత్తున పరీక్షింపగా అది వారి యాయువును పెంచలేదు. గాజుపాత్రలో కణమును కిరసనాయిలు సైతము చంపును! ప్రతి వారమును “క్యాన్సరుకు మందు దొరకినది” అని శీర్షిక పెట్టు పత్రికలు ఈ మాటను గోడపై వ్రాసికొనుట మంచిది.

భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ప్రయోగశాల నుండి వెడలిన అమినోప్టెరిన్, 1948లో బోస్టనులో రక్తపు క్యాన్సర్ పిల్లలకు కొంతకాలమైన నుపశమన మిచ్చెను. ఆ యేడే అచ్చటి నుండి, మట్టిలోని సూక్ష్మజీవి నుండి తీసిన ఆరియోమైసిన్ వెలువడెను. మేధ మనది, ప్రయోగశాల అమెరికా కంపెనీది.

ఇప్పుడట్లు కానక్కఱలేదు. మన జీవసంపదను గొనిపోవు విదేశీయులు అనుమతి పొందవలెనని, లాభమును పంచవలెనని 2002 నాటి చట్టము చెప్పుచున్నది. 200 నాటికల్ మైళ్లకు ఆవలి సముద్రమునకు 2023లో ఒడంబడిక కుదిరినది. 2024లో మనదేశము సంతకము చేసినది. 2021లో కేంద్రము 4,077 కోట్ల రూపాయలతో మంజూరు చేసిన అగాధసముద్ర పథకమున ఈ యన్వేషణకును చోటు కలదు. జలాంతర్నౌకకు ఊరేగింపులు జరుగును. సూక్ష్మజీవుల సీసాలకు జరుగవు.

సేకరించిన ప్రతి జీవిని మన భాండాగారముననే భద్రపఱుపవలెను. విశాఖపట్టణపు సముద్ర పరిశోధన కేంద్రము, హైదరాబాదులోని రసాయన సంస్థ వంటివి మనుష్యులపై పరీక్ష దాక పోవుటకు ధనము చాలవలెను. ప్రజాధనముతో కనుగొన్న ద్రవ్యమును కంపెనీకప్పగించునాడే ధరను గూర్చిన షరతు దస్తావేజున కెక్కవలెను. తరువాత చేర్చుదమన్న షరతు ఏమగునో ఆసిఫాబాదు కోర్టు గుమాస్తానడిగినను చెప్పును.