భూమి గడియారం సరిగా నడుస్తున్నదా?

పిల్లలూ, 2017 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒక వింత జరిగింది. మన దేశపు కాలం ప్రకారం 5 గంటల 29 నిముషాల 59 సెకన్లు కాగానే 5:30 కావాలి గదా? ఆ రోజు కాలేదు. మధ్యన ఇంకొక సెకను వచ్చింది. ఆ నిముషానికి 61 సెకన్లు! జనగామలో దుప్పటి ముసుగు పెట్టి పడుకున్నవారికీ, మహబూబాబాదు స్టేషనులో రైలు కోసం కాచుకున్నవారికీ, భూపాలపల్లిలో పొద్దుటి షిఫ్టుకు గనికి బయలుదేరబోతున్నవారికీ ఆ సెకను సమానంగా దక్కింది. మీలో కొందరు అప్పటికి పుట్టనే లేదు.

ఆ సెకను ఎందుకు కలిపారు? భూమి కాస్త వెనకబడ్డది గనక.

భూమి తిరగడమే మనిషికి మొదటి గడియారం. దీన్ని మీరే చూడవచ్చును. ఎండలో ఒక కర్ర నిలువుగా పాతండి. దాని నీడ అన్నిటికన్న పొట్టిగా ఉన్నప్పుడు అక్కడ మిట్టమధ్యాహ్నం. మూడు ఊళ్ళలోనూ ఒకేరోజున ఈ పని చేస్తే ముందుగా మహబూబాబాదులో మధ్యాహ్నమవుతుంది. ఇంచుమించు అర నిముషానికి భూపాలపల్లిలో అవుతుంది. జనగామలో కావడానికి మూడు నిముషాలు దాటుతుంది. తూర్పున ఉన్న ఊరు ముందుగా సూర్యుడి ఎదటికి వస్తుందన్నమాట. మన ప్రాంతంలో నేల సెకనుకు సుమారు 440 మీటర్లు తూర్పుకు పరుగెత్తుతున్నది. దీని ముందు రైలు ఒక నత్త!

సరే, భూమే గడియారమైతే, అది తప్పు నడుస్తున్నదని తెలిసేదెలా? ఇంట్లో ఒకటే గడియారం ఉంటే అది ఆలస్యమవుతున్నదో లేదో చెప్పలేం. పక్కింటి గడియారం చూడాలి. శాస్త్రజ్ఞులకు అటువంటిది ఆకాశంలో దొరికింది.

క్రీ. పూ. 136లో బాబిలోను నగరంలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. అక్కడివారు దాన్ని మట్టిపలకలమీద రాసి పెట్టారు. ఆ పలకలు మనకు దొరికాయి. ఏనాడు సూర్యచంద్రులు ఎక్కడ ఉన్నారో ఇప్పుడు లెక్క కట్టవచ్చును. భూమి ఆనాడు కూడా ఇప్పటిలాగే తిరిగేదనుకుని లెక్క వేస్తే, ఆ నీడ బాబిలోనుమీద పడనే పడదు! పడమటగా ఎంతో దూరాన పడుతుంది. తేడా 3 గంటలకు పైనే. పలక రాసినవాడు అబద్ధమాడలేదు. అప్పుడు భూమే కొంచెం వడిగా తిరిగేది.

నూరేళ్ళలో రోజు పొడుగు పెరిగేది ఎంతనుకున్నారు? సెకనులో వెయ్యోవంతులు రెండైనా కావు. అయితే రెండువేల ఏళ్ళకు పైబడిన రోజుల తేడాలన్నీ కూడితే అన్ని గంటలయింది.

దీనికి ముఖ్యకారకుడు మన చందమామే. ఆయన లాగటంవల్ల సముద్రాలలో ఆటుపోట్లు వస్తాయి. ఆ నీళ్ళ రాపిడి సైకిలు చక్రానికి బ్రేకులాగా భూమిని పట్టుకుంటుంది. భూపాలపల్లిలో తవ్వే బొగ్గు 25 కోట్ల ఏళ్ళకు పైబడినది. అది పచ్చని చెట్లుగా ఉన్న కాలంలో రోజు 24 గంటలకన్న గంటకు పైగా తక్కువ. ఏడాదికి 380కి మించిన రోజులు! బడికి ఎన్ని రోజులు పోవలసి వచ్చేదో ఆలోచించండి.

ఇలా ఒకే తీరున మందగిస్తే లెక్క సులువే. అలా కాదు. మీరు ఒప్పులకుప్ప ఆడేటప్పుడు చేతులు చాచి తిరిగితే ఒక వేగం, దగ్గరికి లాక్కుంటే మరో వేగం, అవునా? భూమి సంగతీ అంతే. ధ్రువాల దగ్గర మంచు కరిగి ఆ నీరు భూమధ్యరేఖ వైపుకు వ్యాపిస్తే, అది చేతులు చాచినట్టు, భూమి మందగిస్తుంది. పడమటి గాలులు జోరుగా తూర్పుకు వీచినా మందగిస్తుంది. భూమి కడుపులో కరిగి ఉన్న లోహం కదలికలు కూడా దీన్ని మారుస్తాయి. 2024 జూలై 5న రోజు 24 గంటలకన్న సెకనులో వెయ్యోవంతులు 1.66 తగ్గింది.

ఇంత చిన్న తేడాను ఎలా పట్టుకుంటారు? 1955లో ఇంగ్లండులో సీసియం పరమాణువులతో నడిచే మంచి గడియారం తయారయింది. అది భూమికన్న నమ్మకమైనది. ఇక ఆకాశంలో ఎంతో దూరాన క్వేసార్లనే జ్యోతులున్నాయి. అవి కదలనట్టే కనిపిస్తాయి. వేరువేరు ఖండాలలోని రేడియో దూరదర్శినులు ఒకే క్వేసారును వింటాయి. దాని అల ఒకచోటికి ముందు, మరొకచోటికి తరవాత చేరుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిస్తే భూమి ఏపాటి తిరిగిందో తేలుతుంది. ఇది వట్టి సరదా కాదు. సెకనులో వెయ్యోవంతుకు మన నేల 44 సెంటీమీటర్లు జరుగుతుంది. ఈ లెక్క సరిచూడకపోతే ఉపగ్రహాలను నమ్మి దారి చెప్పే ఫోను రోజురోజుకూ దారి తప్పుతుంది.

1972 నుంచి ఇలా 27 సెకన్లు కలిపారు. మనం చెప్పుకున్నదే చివరిది. 2035 లోగా ఈ పద్ధతి మానుకోవాలని 2022లో నిర్ణయించారు. అయితే ఇటీవల భూమి కాస్త వడి పెంచింది గనక, ఆలోగానే ఒక సెకను తీసివేయవలసి వస్తుందేమోనని శాస్త్రజ్ఞులు లెక్కలు కడుతున్నారు. 59 సెకన్ల నిముషం ఇంతవరకు ఎన్నడూ రాలేదు.