గెడ్డం బ్రష్షుకు ఒక చిన్న కొక్కెం



ఈ నెల మన శీర్షికలో చాలా చిన్న వస్తువును గూర్చి వ్రాస్తున్నాను. అది గెడ్డం గీసుకునే బ్రష్షు. "ఇది మగవారి సంగతి గదా, మాకెందుకు?" అని సహోదరీలు పుట త్రిప్పివేయవద్దు. మా యింట్లో ఆ బ్రష్షును పాడుచేసింది నేనే.

మా మావయ్యగారికి పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. మాట కూడ పోయింది. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఆయన శనివారం సాయంత్రం గెడ్డం గీసుకోకుండా ఆదివారం మందిరానికి వెళ్లి ఎరుగరు. యోసేపు చెరసాలలో నుండి ఫరో దగ్గరకు పిలువబడినప్పుడు ముందుగా గెడ్డం గీయించుకొని, బట్టలు మార్చుకొని వెళ్లాడని ఆదికాండము 41వ అధ్యాయంలో చదువుతాము. "రాజు ఎదుటికి వెళ్లడానికే అంత సిద్ధపాటు ఉంటే, దేవుని సన్నిధికి వెళ్లే మనకు ఎంత ఉండాలి!" అని మావయ్యగారు పిల్లలతో అంటుండేవారు. అందుచేత ఆయన మంచాన పడిన తరువాత కూడ మావారు ప్రతి శనివారం దీపాలవేళ గోరువెచ్చని నీళ్లు దగ్గర పెట్టుకొని తండ్రికి గెడ్డం గీసేవారు. పని కాగానే బ్రష్షును తడితోనే సబ్బుపెట్టెలో పెట్టి, మూత వేసి, స్నానాలగది గూట్లో ఉంచడం నా వంతు. దుమ్ము పడకుండా భద్రం చేస్తున్నానని నా నమ్మకం.

ఒక వర్షాకాలంలో బ్రష్షు దగ్గరకు రాగానే ఆయన ముఖం ప్రక్కకు త్రిప్పుకోవడం మొదలుపెట్టారు. వయసు మీద వచ్చే మొండితనం అనుకున్నాం. "ఒక్క నిమిషం ఓర్చుకోండి నాన్నా" అని మావారు బ్రతిమాలి గీసేవారు. మూడవ వారానికి దవడ క్రింద ఎర్రని చీముపొక్కులు కనిపించాయి. డాక్టరుగారు చూచి, "అమ్మా, గెడ్డానికి వాడే సామాను ఒకసారి తీసుకురండి" అన్నారు. ఆయన ముందు పెట్టె మూత తీయగానే ముక్కిన వాసన గుప్పుమన్నది. వెంట్రుకలు విడదీసి చూస్తే మొదళ్లలో నల్లగా బూజు. "పొక్కులకు కారణం ఇది కావచ్చు. దీన్ని పారవేయండి. పది రోజులు కత్తి తగలనివ్వకండి" అని చెప్పి పూతమందు వ్రాసి యిచ్చారు.

మాట లేని మనిషి ముఖం త్రిప్పుకొని చెబుతున్న సంగతిని మేము మూడు వారాలు గ్రహించలేదు. ఆ బాధతోనే ఈ మాటలు వ్రాస్తున్నాను.

బ్రష్షు ఎందుకు పాడవుతుంది?

గెడ్డం బ్రష్షుల్లో కొన్ని పంది వెంట్రుకలతో, కొన్ని బాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో, కొన్ని గుర్రపు వెంట్రుకలతో, మరికొన్ని నైలాను పోగులతో చేస్తారు. ఏవైనా సరే, వెంట్రుకల మొదళ్లను కట్టగా చేర్చి జిగురుతో పిడిలో బిగిస్తారు. మనం కొనలు చూచి బ్రష్షు ఆరిందనుకుంటాము. కాని నీరు, సబ్బు ముద్ద మొదళ్లలోనే నిలిచిపోతాయి. అక్కడ తడి ఆరకపోతే బూజు పడుతుంది, జిగురు సడలుతుంది, వెంట్రుకలు ఒక్కొక్కటిగా ఊడివస్తాయి. నైలాను త్వరగా ఆరుతుంది. పంది వెంట్రుక నీటిని పీల్చుకొని మెత్తబడుతుంది గనుక దానికి ఎక్కువ సమయం కావాలి. కాబట్టి బ్రష్షుకు కావలసింది ఖరీదైన పెట్టె కాదు, ధారాళంగా గాలి.

బ్రష్షు చిన్నదే గాని దాని వలన వచ్చే కీడు చిన్నది కాకపోవచ్చు. పశువులకు వచ్చే దొమ్మరోగం మన రైతులకు తెలిసినదే. దానినే ఆంత్రాక్స్ అంటారు. 1914 నుండి 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బాడ్జర్ వెంట్రుకలు దొరకడం కష్టమై, వాటికి బదులు గుర్రపు వెంట్రుకలతో బ్రష్షులు చేశారు. వాటిలో కొన్నింటిని సరిగా శుద్ధిచేయలేదు. ఆ బ్రష్షులతో గెడ్డం గీసుకున్న ఇంగ్లండు, అమెరికా సైనికులకు, మరికొందరికి ముఖం మీద, మెడ మీద ఆంత్రాక్స్ పుండ్లు లేచాయి. కొందరు చనిపోయారు కూడ. ఇప్పుడు వెంట్రుకలను శుద్ధిచేసిన తరువాతనే బ్రష్షులు తయారుచేస్తారు గనుక మనం ఆ రోగానికి భయపడనక్కరలేదు. కాని కత్తి గీచిన చర్మం మీద కంటికి కనబడని గీతలు ఉంటాయని, బ్రష్షులో ఉన్న మురికికి అవే ద్వారాలని ఈ సంగతి మనకు నేర్పుతున్నది.

గెడ్డం గీసిన వెంటనే చేయవలసినవి

1. బ్రష్షును మంచినీళ్లలో ముంచి, వ్రేళ్లతో వెంట్రుకల మొదళ్లను మెల్లగా నొక్కుతూ సబ్బు నురుగు రానంతవరకు కడగాలి. సబ్బు మిగిలితే రాత్రివేళ బొద్దింకలు చేరతాయి.

2. వెంట్రుకలను మెలిపెట్టకుండా పిడికిలితో పిండాలి. తరువాత నాలుగైదుసార్లు గట్టిగా విదిలించాలి.

3. పొడి గుడ్డ మీద అటూ ఇటూ రాసి, గాలి తగిలే చోట నీడలో ఆరనివ్వాలి. మండుటెండలో గంటల తరబడి ఉంచితే వెంట్రుకలు పెళుసెక్కుతాయి.

4. శుద్ధి అవుతుందని మరుగుతున్న నీళ్లలో వేయవద్దు. జిగురు కరగి, వెంట్రుకలు చెడిపోతాయి. గోరువెచ్చని నీళ్లు చాలు.

బోరు నీళ్లు వాడే గ్రామాల్లో నీటిలోని సున్నం సబ్బుతో కలిసి మొదళ్లలో తెల్లని మడ్డిగా పేరుకుంటుంది. నెలకొకసారి గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా నిమ్మరసం కలిపి, వెంట్రుకలను మాత్రమే అయిదు నిమిషాలు ముంచి, మంచినీళ్లతో కడిగితే మడ్డి వదులుతుంది.

ఖర్చు లేకుండా ఇంట్లోనే చేసుకొనేవి

సైకిల్ ట్యూబు, దారం: పాత సైకిల్ ట్యూబు నుండి వ్రేలు వెడల్పు ఉంగరం కత్తిరించి పిడికి బిగువుగా ఎక్కించండి. దాని క్రింద నుండి గట్టి దారం దూర్చి ఉచ్చు వేసి, వెంట్రుకలు క్రిందికి ఉండేటట్లు మేకుకు తగిలించండి. పిడి ఏ ఆకారంలో ఉన్నా ఇది పట్టు జారదు.

తీగ కొక్కెం: ఇంటికి కరెంటు పని చేయించినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ తొడుగు గల తీగ మూరెడు తీసుకోండి. మధ్యకు మడిచి, మడత దగ్గర మేకు పట్టేటంత రింగుగా మెలివేయండి. మిగిలిన రెండు కొసలను పాము నాలుకవలె చీల్చి ముందుకు వంచండి. ఆ చీలిక పిడి నడుముకంటె కొంచెం వెడల్పుగా, పిడి అడుగుకంటె ఇరుకుగా ఉండాలి. కొసలను కొద్దిగా పైకి ఎత్తితే బ్రష్షు ముందుకు జారదు. ఇనుప తీగ వాడితే తుప్పు పట్టి మరకలవుతాయి.

చెక్క పలక: మూడంగుళాల చెక్కముక్క అంచున పిడి నడుము పట్టేటంత గాడి కోసి, కిటికీ చట్రానికి చిన్న అలమరలాగ మేకులతో కొట్టండి. ఇద్దరు ముగ్గురు మగవారున్న ఇంట్లో వరుసగా గాళ్లు కోసి, ఎవరి బ్రష్షు క్రింద వారి పేరు వ్రాయవచ్చు.

కొబ్బరిచిప్ప ఉట్టి: మూడు కళ్లున్న చిప్పను లోపల బాగా గీకి, మేకుతో మూడు కళ్లనూ పొడిచి తెరవండి. అంచున మూడు రంధ్రాలు చేసి, దారాలు కట్టి ఉట్టిలాగ వేలాడదీయండి. బ్రష్షును వెంట్రుకలు పైకి ఉండేటట్లు అందులో నిలబెట్టండి. కారిన నీరు కళ్లగుండా పోతుంది.

తలక్రిందులుగా వేలాడదీయాలా, నిలబెట్టాలా అని కొందరు అడుగుతారు. బాగా కడిగి విదిలించిన బ్రష్షు ఎలా పెట్టినా ఆరుతుంది. కడగని బ్రష్షును ఎంత మంచి కొక్కేనికి తగిలించినా లాభం లేదు. నీళ్ల మగ్గులో వదలివేయడం, మూత పెట్టెలో మూయడం, కిటికీ లేని స్నానాలగదిలో ఉంచడం, ఈ మూడూ మానండి.

మహాసభలకు, పెండ్లిండ్లకు ఊరు వెళ్లేటప్పుడు తడి బ్రష్షును ప్లాస్టిక్ సంచిలో చుట్టవద్దు. పాత నూలుగుడ్డలో చుట్టుకొని, చేరగానే బయటకు తీసి ఆరబెట్టాలి. ఖాళీ మాత్రల డబ్బాకు కాల్చిన మేకుతో చుట్టూ రంధ్రాలు చేసినా సరిపోతుంది.

మరియొక ముఖ్యమైన మాట. ఎవరి బ్రష్షు వారికే ఉండాలి. తండ్రీ కొడుకులైనా, అన్నదమ్ములైనా బ్లేడు మాత్రం ఎన్నడూ పంచుకోరాదు. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, ఎయిడ్స్ వ్యాధికి కారణమైన హెచ్.ఐ.వి. రక్తం ద్వారా సంక్రమిస్తాయి. క్షౌరశాలకు వెళ్లినప్పుడు క్రొత్త బ్లేడు వేయమని అడగడానికి సిగ్గుపడవద్దు.

అయిదు వేలమంది తిని తృప్తి పొందిన తరువాత కూడ ప్రభువు మిగిలిన ముక్కలను వదలివేయనివ్వలేదు. అవి పండ్రెండు గంపలు నిండాయి. అంత సమృద్ధి ఇచ్చినవాడే ఏదీ వ్యర్థం కాకూడదని కోరాడు. ట్యూబు ముక్కను, తీగ ముక్కను, కొబ్బరిచిప్పను పారవేసే ముందు మనం కూడ ఒకసారి ఆలోచించుదము. అంతకంటె ముఖ్యముగా, మన ఇంట్లో మాట చెప్పలేని వృద్ధులు, పసిబిడ్డలు ఉంటే వారు ముఖం త్రిప్పుకొన్నప్పుడు కోపపడక, ఎందుకో వెదకి చూద్దాము.

మావయ్యగారి పొక్కులు మానిపోయాయి. మావారు తీగతో చేసిన కొక్కెం కిటికీ ప్రక్కన ఉన్నది. శనివారం ఆ కొక్కెం మీద నుండి బ్రష్షు తీస్తుండగానే ఆయన తనంతట తానే గెడ్డం పైకెత్తి సిద్ధముగా ఉంటారు.

ప్రభువు మీ గృహములను, అందులోని పెద్దలను కాపాడి దీవించును గాక. ఆమేన్.