యాక్యురసీ 99 శాతం... అయితే ఏంటి?

‘ఏఐతో ఆటిజం ముందస్తు గుర్తింపు’. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఈ టాపిక్ మీ బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు తీసుకునే ఉంటారు. టాపిక్ మంచిదే. నా పేచీ అంతా రెజ్యూమెలో దాని కింద రాసుకునే ఒక్క లైనుతోనే: ‘యాక్యురసీ 99 శాతం’.

100 మంది పిల్లల్లో ఒక్కరికే ఆటిజం ఉందనుకోండి. మీ మోడల్ ఏమీ నేర్చుకోకుండా అందరికీ ‘లేదు’ అని చెప్పేసినా 99 శాతం కరెక్టే! పట్టుకోవాల్సిన ఆ ఒక్క పిల్లాణ్నే వదిలేసింది. ‘మరి వాడి సంగతేంటి?’ అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్తారు?

2017లో అమెరికా పరిశోధకులు చేసిన పని చూడండి. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న 59 మంది ఆరు నెలల పసివాళ్లకు, నిద్రలో ఉండగా ఎమ్మారై తీశారు. మెదడులో ఏ భాగం ఏ భాగంతో జతగా పనిచేస్తోందో లెక్కగట్టారు. దీన్నే బ్రెయిన్ కనెక్టివిటీ అంటారు. రెండేళ్లు వచ్చాక వాళ్లలో 11 మందికి ఆటిజం నిర్ధారణ అయింది. ఆ పాత స్కాన్లతోనే మోడల్ వాళ్లలో 9 మందిని గుర్తించింది. మిగతా 48 మందిలో ఒక్కరినీ పొరపాటున చేర్చలేదు. నిజంగా గొప్ప ఫలితం. అయినా 59 మందే, అందరూ రిస్క్ ఎక్కువున్న కుటుంబాల పిల్లలే. వీధిలో ప్రతి బిడ్డకూ ఇదే లెక్క వర్తిస్తుందని దీంతో తేలిపోలేదు.

ఇంకో చిక్కుంది. స్కానర్‌లో తల కొద్దిగా కదిలినా కనెక్టివిటీ లెక్కలు మారిపోతాయి. దూరంగా ఉన్న భాగాల మధ్య లింకు తక్కువగా, దగ్గరి భాగాల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. ఆటిజం ఉన్నవారి మెదడు గురించి అప్పటిదాకా చెబుతూ వచ్చిందీ దాదాపు ఇదే! ఈ కదలిక మాయను 2012లో బయటపెట్టాక పాత ఫలితాలను చాలావరకు మళ్లీ చూసుకోవాల్సొచ్చింది. మీ మోడల్ పట్టుకున్నది ఆటిజాన్నా, కుదురుగా పడుకోలేని పిల్లల్నా? ఈ ప్రశ్న మీకు మీరే వేసుకోండి.

స్టూడెంట్లు ఎక్కువగా వాడే ‘అబైడ్’ డేటా తెలుసు కదా. మొదటి విడతలో 17 కేంద్రాల నుంచి 1,112 మంది వివరాలున్నాయి, ఉచితం. కానీ వాళ్లంతా ఏడేళ్లు, ఆపైన వయసువాళ్లు. దానితో ప్రాజెక్టు చేసి టైటిల్‌లో ‘ముందస్తు’ అని రాస్తే, తెలిసినవాళ్లు మొదటి నిమిషంలోనే పట్టేస్తారు. 17 కేంద్రాల స్కానర్ల తేడాను ఎలా సరిచేశారో, కదలికను ఎలా తీసేశారో రాయండి. యాక్యురసీ 65కి పడిపోయినా ఫర్వాలేదు. నేనైతే ఆ 65నే నమ్ముతాను.

అసలు మన దగ్గర ఆలస్యం స్కానర్ లేక జరగట్లేదు. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు, చందమామను వేలితో చూపించడు. ‘మగపిల్లలకు మాటలు లేటే, వాళ్ల నాన్నా అంతే’ అని ఇంట్లో సర్దేసుకుంటారు. గుర్తించాకైనా రోజూ పక్కన కూర్చుని ఆట, మాట నేర్పే మనిషి కావాలిగా! స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పెషల్ ఎడ్యుకేషన్... కోడింగ్ ఇష్టం లేకపోయినా ‘అందరూ వెళ్తున్నారు’ అని అటే వెళ్తున్నవాళ్లు వీటివైపు ఒక్కసారి చూడండి. ఓపిక పరీక్షించే పని, దాచడం ఎందుకు. ఒక్క మాట పలికించడానికి నెలలు పట్టొచ్చు.

సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ, మైసూరులోని ఆయిష్... రెండూ కేంద్ర ప్రభుత్వ సంస్థలే. బయట స్పీచ్ థెరపీ, స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులకు ఫీజు కట్టేముందు మాత్రం వాటికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. కౌన్సిల్‌లో పేరు నమోదు కాకుండా ఆ వృత్తి చేయడం చట్టప్రకారం నేరం. అడ్మిషన్ కౌంటర్లో ఈ ముక్క అడిగితేనే చెప్తారు.