ఉపాధ్యాయుల చదువు, లెక్క, వ్రాత

ఉపాధ్యాయ పదవి కోరువానికి చదువుట, వ్రాయుట, లెక్క చేయుట వచ్చునా యని పరీక్షింపవలెనని యెవరైన ననినచో విన్నవారు నవ్వుదురు. పట్టము పొంది, శిక్షణము ముగించి వచ్చినవానిని ఓనమాలడుగుట యవమానము గదా యందురు. మేమును కొంతకాల మట్లే తలంచితిమి. ఇప్పుడు మా యభిప్రాయము మాఱినది. ఏల మాఱెనో మా పాఠశాల మిత్రులకు విన్నవింప దలచితిమి.

అమెరికా దేశమునందలి కాలిఫోర్నియా రాష్ట్రమువారు 1982లో ఇట్టి పరీక్షను నిజముగనే ప్రారంభించిరి. దానిలో మూడు భాగములు: చదివి గ్రహించుటకు 50 ప్రశ్నలు, గణితమునకు 50 ప్రశ్నలు, వ్రాతకు రెండు వ్యాసములు. వ్యాసములలో ఒకటి ఏదైన నొక విషయమును విమర్శించునది. రెండవది తన యనుభవమును చెప్పునది. ప్రతి భాగమునకును 20 మొదలు 80 వఱకు మార్కులు. 41 వచ్చిన నుత్తీర్ణులే. తప్పినవారు తప్పిన భాగమును మాత్రమే మరల వ్రాసికొనవచ్చును. గణితమన్నచో బెదరవలసినది కాదు. పాఠశాలలో నేర్చిన లెక్కలే.

ఐనను ఇది నిర్వివాదముగ సాగలేదు. ఈ పరీక్ష తమవారిని హెచ్చుగా వెలివేయుచున్నదని మెక్సికను, నల్లజాతి, ఆసియా సంతతుల ఉపాధ్యాయ సంఘములు 1992లో న్యాయస్థానమున కెక్కినవి. 2000 సంవత్సరమున అప్పీలు న్యాయస్థానము పరీక్షనే సమర్థించెను. తుదకు 2024లో, పట్టము గలవారికి ఈ పరీక్షతో పనిలేదని ఆ రాష్ట్రమువారు శాసనము చేసిరి.

ఆ సంఘములవారి వాదమును మేము తేలికగా త్రోసివేయజాలము. మొదటి తరమున చదువుకొని పేద పల్లెనుండి వచ్చినవాని నొక్క పరీక్ష ఆపివేసినచో నష్టము వానికే గాదు, వాని యొద్ద చదువుకొనవలసిన ఆ పల్లె పిల్లలకును గలదు. మిషను పాఠశాలలు బయలుదేరినదే అట్టివారికొఱకు. మేమే ఆ మాట మఱచినచో నెట్లు? కాని పట్టమే చాలునన్న తీర్పునకు మాత్రము మా మన స్సంగీకరింపదు. పట్టము చేతబట్టుకొనియు పది వాక్యములు కుదురుగ వ్రాయలేనివారిని మేము చూచియున్నాము.

ఇక మన సంగతి. 2010 ఆగష్టు 23 నాటి ప్రకటన ననుసరించి మన దేశమున ఉపాధ్యాయ అర్హత పరీక్ష యేర్పడినది. దానినే అందఱును టెట్టు అని పిలుచుచున్నారు. చిన్న తరగతుల ఉపాధ్యాయులకై యుద్దేశించిన మొదటి పత్రమున శిశు వికాసము, రెండు భాషలు, గణితము, పరిసరముల విజ్ఞానము – ఒక్కొక్కదానికి 30 చొప్పున 150 ప్రశ్నలు. నూటికి 60 వచ్చిన చాలును. వెనుకబడిన తరగతులవారికిని, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని సడలింపు కలదు. ఈ 150 ప్రశ్నలలో అభ్యర్థి తన చేతితో వ్రాయవలసిన వాక్య మొక్కటియు లేదు. ప్రతిదానికిని నాలుగు జవాబు లిచ్చి, ఒకదానిని ఏరుకొమ్మందురు. కాలిఫోర్నియావారు పరీక్షను పెట్టినప్పుడు వ్రాతను మూడవ పాలుగా నుంచిరి. మనము పరీక్షను విధించియు వ్రాతను విడిచిపుచ్చితిమి. మా వివాద మిచ్చటనే.

ఏరుట వేఱు, వ్రాయుట వేఱు. 'అర్థము' అనగా భావము. 'అర్ధము' అనగా సగము. రెంటిని ప్రక్కప్రక్కన అచ్చువేసి చూపినచో సరియైన దానిని గుఱుతించువారే, నల్లబల్లపై 'విద్యార్థి' యని వ్రాయవలసి వచ్చినప్పుడు థకారమునకు బదులు ధకారము నుంచుదురు. ముప్పదియైదుగురు పిల్లలు దానిని చూచి వ్రాసికొందురు. ఆ తప్పును మరల దిద్ద నెన్ని యేండ్లు పట్టునో! (మా పాఠశాల ప్రకటనల పలకమీదను ఈ తప్పు కొంతకాల మున్నదని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము.) లెక్కయు నట్టిదే. అరకు మూడవ వంతు చేర్చిన ఆరింట అయిదు వంతులని నాలుగు జవాబులలో ఏరుట సులభము. పైయంకెలను పైయంకెలతోను, క్రిందియంకెలను క్రిందివానితోను కూడి అయిదింట రెండు వంతులని పలక చూపిన పిల్లవానికి, 'అబ్బాయీ, ఇది అరకంటె తక్కువ గదా. చేర్చిన కొలది తగ్గునా?' యని అడుగగల గురువు మనకు కావలెను. అట్టి ప్రశ్న పుట్టించు తెలివిని నాలుగు గడులలో కొలుచుట దుర్లభము.

కొన్నియేండ్ల క్రిందట మా పాఠశాలలో ఒక ఖాళీ యేర్పడెను. వచ్చినవారికి మే మొక చిన్న పని నిచ్చితిమి: 'తరగతిలో ఒక బిడ్డకు జ్వరము వచ్చినది, తలిదండ్రులకు లేఖ వ్రాయుడు.' అందఱిలో టెట్టు మార్కులు హెచ్చుగా గల యువతి అరగంటసేపు కూర్చుండి మూడు పంక్తులు వ్రాసినది. జ్వర మెప్పుడు వచ్చెనో, తల్లి రావలయునో వలదో అందు లేదు. మే మామెను తీసికొనలేదు. పోవుచు నామె, 'అయ్యగారూ, ఇంతవఱకు నన్నెవ్వరును ఇట్లు వ్రాయుమని అడుగలేదండి' యని చెప్పినది. ఆ మాట మమ్ము నేటికిని బాధించుచున్నది. తప్పు ఆమెదా, ఎన్నడును అడుగని మన పరీక్షలదా? ఇట్టి వ్రాతపరీక్ష శిక్షణ కళాశాలలో చేరునాడే జరిగి, తప్పులు దిద్దిన పత్రము చేతికి వచ్చియున్నచో, రెండేండ్లలో ఆమె నేర్చుకొని యుండెడిది. ఉద్యోగద్వారమున నిలిపి తలుపు మూయుటకంటె నది మేలు గదా.

2025 సెప్టెంబరు 1న సర్వోన్నత న్యాయస్థానము, ఉద్యోగములో నున్న ఉపాధ్యాయులును, అయిదేండ్లకంటె నెక్కువ సేవ మిగిలియున్నచో, రెండేండ్లలో టెట్టు నెగ్గవలెనని తీర్పు చెప్పెను. అల్పసంఖ్యాకుల పాఠశాలలకు ఇది వర్తించునా యను ప్రశ్నను మాత్రము విస్తృత ధర్మాసనమునకు నివేదించెను. మా వంటి పాఠశాలలలో కొందఱు దీనికి సంతోషించిరి. హక్కు హక్కే, దానిని మేము కాదనము. కాని పరీక్ష తప్పినదని మురియు గురువు, రేపు పిల్లలకు పరీక్షపత్రము లేమొగముతో పంచును?

కావున మాలో మేమొక నిర్ణయము చేసికొంటిమి. రాబోవు జూను మాసమున బడి తెఱచుటకు ముందు శనివారమునాడు మా యుపాధ్యాయుల మందఱమును కూర్చుండి ఒక గద్యభాగమును చదివి దాని సారమును, పది లెక్కలను చేసి వానిలో రెండింటికి వివరణమును, తలిదండ్రుల కొక లేఖను వ్రాయదలచితిమి. పత్రములపై పేరులుండవు, అంకెలే యుండును. ఇచ్చట పనిచేసి విరమించిన తెలుగు పండితులొకరు దిద్దుట కొప్పుకొనిరి. ఎఱ్ఱసిరాను తామే తెచ్చుకొందుమని కబురంపిరి.