కొట్లాడుకున్నా కలిసి కూర్చునే ఆట

ఈ నెల ఒక ఆట ముచ్చట చెప్త. మా చెల్లె కొడుకు పుణెలో నౌకరి చేస్తడు. ప్రతి శనివారం రాత్రి అయిదుగురు దోస్తులు టేబుల్ చుట్టూ కూర్చొని ఆడతరు. పేకముక్కలు లేవు, పైసల పందెం లేదు. ఒకరు కథ నడుపుతరు. మిగిలిన వాళ్లలో ఒకరు యోధుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు గాయాలు మాన్పేటోడు. గుహలోకి పోవాల్నా, రాక్షసుడితో తలపడాల్నా అని వాళ్లే తేల్చుకుంటరు. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచిక చెప్తది. ఆ పాచికకు ఇరవై ముఖాలు! కథ ఒక్క రాత్రిలో తీరదు, వారం వారం సాగుతది.

దీని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిండ్రు. తర్వాత పేరు దగ్గర, రాయల్టీ పైసల దగ్గర వాళ్లకే చెడింది. 1979లో ఆర్నెసన్ కోర్టుకెక్కిండు, 1981లో రాజీ అయింది. ఆట మాత్రం ఆగలేదు. కెనడాలో ఒక చరిత్ర ప్రొఫెసర్ 1982లో మొదలుపెట్టిన కథ నలభై ఏళ్లు దాటినా నడిచింది.

మా అల్లుడి జట్టులోనూ కొట్లాట అయింది. రూమ్ కిరాయి దగ్గర ఇద్దరికి మాటల్లేకుండ పోయినయి. అయినా శనివారం ఇద్దరూ వచ్చిండ్రు. ఎట్ల అని అడిగిన. "మామా, అందులో ఒకరి మీద ఒకరు గెలిచేది లేదు, అందరం ఒక్క దిక్కే. మంత్రగాడు పడిపోతే వైద్యుడు లేపాల్సిందే, లేకుంటే అందరం చస్తం" అన్నడు. ఇంకొకటి చెప్పిండు. ఆట మొదలుపెట్టక ముందే ఒక రోజు కూర్చొని, ఏ రోజు కలవాలె, రానోని వేషం ఏం చెయ్యాలె, ఏ మాట అనకూడదు అని ఒప్పుకుంటరంట. అంతా ఒప్పుకున్నా తోటివాళ్లను కించపరిచేటోడు ఉంటే, వాణ్ణి పొమ్మంటరు. కలిసుండాలని అవమానం మింగమని ఎవరూ చెప్పరు.

ఇది విన్నంక మా గల్లీ భజన మండలి యాదికొచ్చింది. హార్మోనియం వాయించే అన్నకూ తబలా అన్నకూ చేబదులు దగ్గర చెడింది. ఒకరొస్తే ఇంకొకరు రారు. మూడు నెలలు గురువారం భజన సగం సగమే అయింది. మూసేద్దామన్నరు కొందరు.

నేను వాళ్లను కలపబోలేదు. బాకీ సంగతి పెద్దమనుషుల ముందర పెట్టుకోండి, భజనలోకి తేవద్దని ఇద్దరికీ వేరువేరుగ చెప్పిన. రోజు మార్చం, ఎవరు రాకున్నా వాళ్ల జాగ ఇంకొకరికి ఇయ్యం అని మండలిలో అందరం ఒప్పుకున్నం. పోయిన గురువారం ఇద్దరూ వచ్చిండ్రు. పలకరించుకోలేదు. హార్మోనియం అన్న పాట ఎత్తుకుంటే తబలా అన్న దరువు అందుకున్నడు. నాకు అదే చాలనిపించింది.

భిశీ కానీ, బతుకమ్మ జట్టు కానీ, క్యారమ్ జట్టు కానీ, మీ గల్లీలో కొట్లాటలు దాటి నిలబడ్డది ఏదన్నా ఉంటే, ఏ ఒప్పందం మీద నిలబడ్డదో రాయండి. వచ్చే నెల అందరికీ చెప్త.