ఆస్పత్రి గడప తొక్కకుండా నర్సింగు డిగ్రీయా?

విద్యార్థి సంఘం వారు ఈ సంచికకు ఏదైనా రాయమన్నారు. విషయం నా ఇష్టానికే వదిలేశారు. ఈ సంవత్సరం మన కాలేజి విద్యార్థులు నలుగురు – ముగ్గురమ్మాయిలు, ఒక అబ్బాయి – నన్ను వేరువేరుగా కలిసి ఒకే ప్రశ్న అడిగారు కాబట్టి దాని గురించే రాస్తాను. "అక్కా, ఆస్పత్రిలో పనిచేసిన అనుభవం లేకుండా దూరవిద్యలో నర్సింగు డిగ్రీ చెయ్యొచ్చా? దానికి ఇప్పట్నుంచే ఏం చదువుకోవాలి?" అన్నది వారి ప్రశ్న.

నేను ఈ కాలేజిలోనే బి.యస్సీ. చదివాను. ఆ తరువాత మూడేళ్ళ జి.ఎన్.ఎం. డిప్లమా చేసి, వార్డుల్లో పనిచేస్తూ, దూరవిద్యలోనే నర్సింగు డిగ్రీ తీసుకున్నాను. అందుచేత దూరవిద్యను చులకన చేసేవాళ్ళ జట్టులో నేను లేను. "పోస్టులో ఈత నేర్చుకున్నట్టు" అని స్టాఫ్ రూముల్లో ఒక జోకు వుంది. నవ్వి ఊరుకోవచ్చు గాని, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే పుట్టిందనీ, ఇప్పుడు అంబేద్కర్ పేరుతో నడుస్తున్న ఆ సంస్థ పుణ్యమా అని ఎంతమంది గుమాస్తాలు, గృహిణులు పట్టభద్రులయ్యారో అనీ గుర్తుచేసుకుంటే ఆ నవ్వు అంత తేలిగ్గా రాదు.

అయితే నర్సింగు సంగతి వేరు. ముందు నిబంధన చూడండి. ఇంటర్ తరువాత చేసే నాలుగేళ్ళ బి.యస్సీ. నర్సింగు రెగ్యులర్‌గా కాలేజిలో చదవవలసిందే. దూరవిద్యలో వున్నది పోస్ట్ బేసిక్ బి.యస్సీ. నర్సింగు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వారు దీన్ని 1994లో ప్రారంభించారు. కనీసం మూడేళ్ళు పడుతుంది. ఇది ఉద్యోగంలో వున్న నర్సుల కోసం పెట్టిన కోర్సు. జి.ఎన్.ఎం. పూర్తి చేసి, నర్సుగా, మంత్రసానిగా కౌన్సిల్లో రిజిస్టరై, ఆ తరువాత ఇంటర్ చదివినవారైతే రెండేళ్ళు, పదో తరగతితో జి.ఎన్.ఎం.లో చేరినవారైతే అయిదేళ్ళు పనిచేసి వుండాలి. ప్రసూతి శిక్షణ పొందని మగ నర్సులకు దాని బదులు ఆరు నుంచి తొమ్మిది నెలల మరో కోర్సు సర్టిఫికెట్ కావాలి. ఆపైన ప్రవేశ పరీక్ష. ఇంత స్పష్టంగా వున్నా, "అనుభవం అక్కర్లేదు, హాజరు అక్కర్లేదు, ఏడాదిలో డిగ్రీ" అని బస్టాండు గోడల మీద కాగితాలు అంటించేవాళ్ళు ఎక్కడో ఒకచోట వుంటూనే వున్నారు. ఆ కాగితం చూసి, తండ్రి చేత రెండెకరాలు తాకట్టు పెట్టించిన పిల్లను నేనెరుగుదును. ఆ డిగ్రీ పట్టుకుని రిజిస్ట్రేషనుకు వెళితే కౌన్సిలు మెట్ల మీదే ఆగిపోయింది.

పోనీ, నిబంధన సడలించి అనుభవం లేనివారినీ చేర్చుకోవచ్చుగదా అని ఒక లెక్చరరుగారు నాతో వాదించారు. డిప్లమాలో మూడేళ్ళు వార్డులు చూశారుగదా, ఇంకా ఎందుకు అన్నది వారి తర్కం. వినడానికి బాగానే వుంది. కాని విద్యార్థినిగా వార్డులో నిలబడటం వేరు, ముప్ఫై పడకల బాధ్యత తల మీద వేసుకుని నైట్ డ్యూటీ చెయ్యటం వేరు. ఆక్సిజను చాలనప్పుడు తొలి లక్షణం రోగి అస్థిమితంగా వుండటం అని పుస్తకంలో వుంటుంది. పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక రాత్రి రెండు గంటలప్పుడు ఒక ముసలాయన దుప్పటి తన్నేసి, లేచి కూచుని, మళ్ళీ పడుకుని, మళ్ళీ లేస్తున్నాడు. పక్క మంచం వాళ్ళు "నిద్రపట్టక సతాయిస్తున్నాడమ్మా, మాత్రేదన్నా వెయ్యి" అన్నారు. ఆయన ఊపిరి లెక్కపెట్టాను – నిమిషానికి ముప్ఫై నాలుగు. డాక్టరును లేపాను. పుస్తకంలోని ఆ వాక్యం నాకు అర్థమయింది ఆ రాత్రే.

దూరవిద్యలో పాఠాలు ఇలాంటి రాత్రుళ్ళను ఆసరా చేసుకునే నడుస్తాయి. "మీ వార్డులోని ఒక రోగిని ఎన్నుకుని సంరక్షణ ప్రణాళిక రాయండి" అంటారు. వార్డే లేనివాడు ఏం చేస్తాడు? పక్కవాడి కాపీ చూసి రాస్తాడు. పక్కవాడు అంతకు ముందు సంవత్సరం వాడిది చూసి రాసివుంటాడు. ఈ లెక్కన ఎప్పుడో డిశ్చార్జి అయి వెళ్ళిపోయిన మధుమేహ రోగి ఒకడు పదేళ్ళపాటు కాగితాల మీద ఇన్సులిన్ వేయించుకుంటూనే వుంటాడు!

ఇక సిద్ధపడటం మాట. జి.ఎన్.ఎం. అయిపోయి ఉద్యోగం ఇంకా దొరకనివారు ఈ లోపల చెయ్యదగ్గ పని చాలా వుంది. మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ మళ్ళీ తిరగెయ్యండి. సైన్సు డిగ్రీ చదివి వచ్చినవారికి ఇక్కడ కొంచెం వెసులుబాటు. లెక్కలంటే భయం పోగొట్టుకోండి. అరలీటరు సెలైను నాలుగు గంటల్లో ఎక్కాలి, మీ సెట్టు మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు వదులుతుంది, నిమిషానికి ఎన్ని చుక్కలు? సుమారు నలభై రెండు. ఇది కాగితం లేకుండా నోటికి రావాలి. ఇంట్లో వాళ్ళ నాడి చూడండి. లయ తప్పినట్టుంటే పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించకుండా నిండు నిమిషం లెక్కపెట్టండి. ఊపిరి లెక్కపెడుతున్నామని మాత్రం చెప్పకండి, చెబితే వాళ్ళు మార్చేస్తారు. ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ళుంటే రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టడం ఎంత కష్టమో, వీపు పుండు పడకుండా కాపాడటం ఎంత ఓపికో చేసి చూడండి. ఇవన్నీ మేలు చేస్తాయి. కాని దరఖాస్తులో అనుభవం అన్న గడిలో వీటిని రాయలేరు, రాయకూడదు.

ఆ గడి దగ్గరే మనవాళ్ళు తప్పుదారి పడుతున్నారు. అనుభవం సర్టిఫికెట్ కొనుక్కోవడం సులువు. చిన్న నర్సింగుహోములో ఎవరో తెలిసినవారుంటారు, లెటర్‌హెడ్ మీద రెండేళ్ళు అని టైపు చేయించి సంతకం పెట్టించేస్తారు. మన విద్యార్థులు దీన్ని చిన్న అబద్ధం అనుకుంటున్నారు. అది రేపు ఎవరి మంచం పక్కన బయటపడుతుందో ఆ మంచం మీది మనిషికి చిన్నది కాదు.

అలాగని తప్పంతా పిల్లలదేనా? నిబంధన సంవత్సరాలను లెక్కపెడుతుంది గాని, ఆ సంవత్సరాల్లో ఏం చేశారని అడగదు. రెండేళ్ళూ ఓ.పి. చీట్లు రాసిన అమ్మాయికీ, రెండేళ్ళు సర్జికల్ వార్డులో నలిగిన అమ్మాయికీ ఒకటే సర్టిఫికెట్టు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసరు పోస్టులకు డిప్లమావారికి కనీసం యాభై పడకల ఆస్పత్రిలో రెండేళ్ళ అనుభవం అడుగుతున్నారు. దూరవిద్యకు కూడా పడకల సంఖ్యా, ఏ వార్డులో ఎన్ని నెలలన్నదీ అడగాలని నా అభిప్రాయం. ఇక కొన్ని ప్రైవేటు ఆస్పత్రుల తీరు చెప్పనే అక్కర్లేదు. నేను పనిచేసిన ఒకచోట చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు పుచ్చుకుని బీరువాలో పెట్టేశారు. మానేస్తామన్నవారికి అనుభవ పత్రం ఇవ్వడానికి ఆరునెలలు తిప్పేవారు. నిజంగా పనిచేసినవారికే కాగితం దొరక్కపోతే, పనిచెయ్యనివారు కాగితం కొనుక్కోవడంలో వింతేముంది?

ఇంటర్ లేదా డిగ్రీ చదివి నర్సింగు మీద మనసున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నేనిచ్చే సలహా: దూరవిద్య నోటిఫికేషన్లు వెతకటం మానేసి, రెగ్యులర్ కోర్సుకు దరఖాస్తు పెట్టండి. జి.ఎన్.ఎం. అయినవారు జీతం వెయ్యి తక్కువైనా పడకలు ఎక్కువున్న ఆస్పత్రిలో చేరండి. చేరిన రోజునుంచీ ఒక నోటుబుక్కు పెట్టుకుని ఏ వార్డు, ఏ తేదీ, ఏ కేసు అని రాసుకోండి, రోగి పేరు మాత్రం రాయొద్దు. రెండేళ్ళ తరువాత అసైన్‌మెంట్లు రాసేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. అనుభవ పత్రాలు ఇవ్వకుండా తిప్పే ఆస్పత్రుల మాట విద్యార్థి సంఘం వారు తీర్మానంలో పెడితే బాగుంటుంది. ప్రాస్పెక్టస్ అర్థంకానివారెవరైనా వుంటే తీసుకుని రండి, ఆదివారం మధ్యాహ్నాలు నాకు డ్యూటీ వుండదు.