కోరిన వేళకు పాఠం: సైబరాబాద్ వృత్తి, పరిశోధన సంఘాల సభ్యులకు ఒక ప్రతిపాదన

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల ఇంజనీర్లు, పరిశోధకులు సభ్యులుగా ఉన్న వృత్తి సంఘాలు, తమ వేదికలపై జరిగే ప్రతి సాంకేతిక ప్రసంగాన్నీ, ప్రతి శిక్షణ తరగతినీ వక్త అనుమతితో రికార్డు చేసి, వర్గీకరించి, సభ్యులు ఏ వేళ కోరితే ఆ వేళ చూసి నేర్చుకునేలా భద్రపరచడాన్ని నియమంగా స్వీకరించాలన్నది ఈ కరపత్రం చేసే ప్రతిపాదన. ఐఈఈఈ, ఏసీఎం వంటి అంతర్జాతీయ సంఘాల స్థానిక శాఖలకూ, కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియా, ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ వంటి జాతీయ సంఘాల ఇక్కడి శాఖలకూ ఇది సమానంగా వర్తిస్తుంది.

వేళ కుదరని సభ్యత్వం

వృత్తి సంఘాల ప్రసంగాలు సాధారణంగా పని ముగిసే వేళకు, అంటే సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య ఏర్పాటవుతాయి. అయితే వేసవిలో హైదరాబాద్‌లో సాయంత్రం 6:30 అయ్యేసరికి న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలవుతుంది కనుక, అమెరికా క్లయింట్లతో పనిచేసే బృందాలకు రోజులోని ముఖ్యమైన కాల్స్ అప్పుడే మొదలవుతాయి. రాత్రి షిఫ్టులో ఉన్నవారు, పసిపిల్లలను చూసుకోవలసినవారు, ఆఫీసులు వదిలే వేళ ట్రాఫిక్‌లో గచ్చిబౌలి నుంచి ఖైరతాబాద్‌లో సభలు జరిగే విశ్వేశ్వరయ్య భవన్ దాకా వెళ్లలేనివారు, బదిలీపై వరంగల్‌కో విశాఖపట్నానికో వెళ్లినవారు రుసుము అందరితో సమానంగా చెల్లిస్తూనే సభ్యత్వపు ఫలం అందుకోలేకపోతున్నారు.

పత్రికల లోటు, వివరణ లోటు

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయల వ్యయంతో, 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పరిశోధన పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకూ, ప్రభుత్వ పరిశోధన కేంద్రాలకూ అందుబాటులోకి తెచ్చింది. దీనివల్ల గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులకు కలిగే ప్రయోజనం, ఆ చుట్టుపక్కలే ఒక చిన్న ప్రైవేటు సంస్థలో యంత్రాభ్యాసం మీద, అంటే దత్తాంశాల నుంచి కంప్యూటరే నియమాలను గ్రహించే విధానం మీద, పనిచేసే ఇంజనీరుకు కలగదు. ఏసీఎం 1951 నుంచి 2000 వరకు వెలువడిన తన ప్రచురణలను 2022లో అందరికీ ఉచితంగా తెరవడం వంటి చర్యలు ఈ లోటును కొంత పూడుస్తున్నాయి. అయినా పరిశోధన పత్రం దొరకడం ఒక ఎత్తు, దానిని పని చోట ఎలా వాడాలో అనుభవజ్ఞులు విడమరచి చెప్పడం మరొక ఎత్తు కాగా, ఈ రెండో పని చేయగలిగినవారు వృత్తి సంఘాల్లోనే ఉన్నారు.

నగరానికి వచ్చి వెళ్లిన జ్ఞానం

2010లో అంతర్జాతీయ గణిత శాస్త్రవేత్తల మహాసభ, 2011లో వరల్డ్ వైడ్ వెబ్ సదస్సు, 2014లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అంతర్జాతీయ సదస్సు, 2018లో వాక్ సాంకేతికతకు సంబంధించిన ఇంటర్‌స్పీచ్, 2025లో సిగ్నల్ ప్రాసెసింగ్‌కు సంబంధించిన ఐకాస్ప్ సదస్సులు హైదరాబాద్‌లోనే జరిగాయి. గణిత మహాసభ ప్రధాన ప్రసంగాల వీడియోలు, ఇంటర్‌స్పీచ్ పత్రాలు నేటికీ ఎవరికైనా ఉచితంగా లభిస్తున్నాయంటే, వాటిని నిర్వాహక సంఘాలు భద్రపరచడం వల్లనే అది సాధ్యమైంది. ఐఐటీలు, ఐఐఎస్‌సీ 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్, తరగతి గదికే పరిమితమైన పాఠాలను దేశమంతటికీ అందించడమే కాక, వాటిలో కొన్నిటిని తెలుగులోకి కూడా తెస్తోంది. పెద్ద సదస్సులకూ, పెద్ద విద్యాసంస్థలకూ చెల్లిన ఈ పద్ధతిని స్థానిక శాఖ నెలవారీ ప్రసంగానికి వర్తింపజేయడంలో సాంకేతికంగా అడ్డేమీ లేదు.

అభ్యంతరాలు, సమాధానాలు

రికార్డింగు దొరికితే సభకు ఎవరూ రారన్న భయం అకారణం కాదు. అయితే ప్రశ్న అడిగే అవకాశం, పరిచయాలు పెంచుకునే వీలు సభలోనే ఉంటాయి కనుక, రికార్డింగును రెండు వారాల తర్వాత విడుదల చేస్తే సభ హాజరూ, రికార్డింగు ప్రయోజనమూ రెండూ నిలుస్తాయి. కంపెనీ రహస్యాలు బయటపడతాయన్న సందేహానికి, వక్త నుంచి ముందుగానే లిఖితపూర్వక అనుమతి తీసుకోవడం, కోరిన భాగాన్ని తొలగించే హక్కు వక్తకే ఇవ్వడం తగిన జవాబు.

పెట్టిన పాఠాలను ఎవరూ చూడరన్నది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. హార్వర్డ్, ఎంఐటీ ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో 2017-18లో చేరినవారిలో పూర్తిచేసినవారు 3.13 శాతమే అయినా, రుసుము కట్టి ధ్రువపత్రం కోరినవారిలో 46 శాతం పూర్తిచేశారని 2019లో వెలువడిన విశ్లేషణ తెలిపింది. అంతకుముందు 2014లో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించిన మరో అధ్యయనం, వీడియో ఎంత పొడవున్నా వీక్షకులు దానితో గడిపే మధ్యస్థ సమయం ఆరు నిమిషాలు దాటదని తేల్చింది. కాబట్టి గంటన్నర ప్రసంగాన్ని ఉన్నదున్నట్టు పెట్టి ఊరుకుంటే ఈ అభ్యంతరమే నిజమవుతుంది. పాఠాన్ని చిన్న ఖండాలు చేసి, దాని చుట్టూ చర్చనూ, పూర్తిచేసినందుకు గుర్తింపునూ ఏర్పాటు చేయడం అందుకే తప్పనిసరి.

కార్యవర్గాలు ఆమోదించవలసిన తీర్మానాలు

1. వక్త నిరాకరిస్తే తప్ప ప్రతి ప్రసంగాన్నీ రికార్డు చేయాలి. రికార్డు చేయనప్పుడు కారణాన్ని కార్యవర్గ నివేదికలో నమోదు చేయాలి.

2. ప్రతి పాఠాన్నీ అంశాలవారీగా చిన్న ఖండాలుగా విభజించి, స్లైడ్లు, ప్రసంగ పాఠం, విషయసూచిక జతచేయాలి. వినికిడి లోపం ఉన్నవారి కోసం తెరపై అక్షర రూపం తప్పక ఇవ్వాలి.

3. ముఖ్యాంశాలను తెలుగులో ఒకటి రెండు పుటల సంగ్రహంగా రాయించాలి. ఎడిటింగు పనిని ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థి శాఖలకు అప్పగించి, గౌరవ వేతనం చెల్లించాలి.

4. నెలకొకసారి, వేర్వేరు షిఫ్టులకు అనుకూలంగా మారే వేళల్లో, ఒక పాఠంపై అధ్యయన బృందం సమావేశం కావాలి. పాఠం పూర్తిచేసి చర్చలో పాల్గొన్నవారికి ధ్రువపత్రం ఇవ్వాలి.

5. ఏ సభ్యుడు ఏ పాఠం చూశాడన్న వివరం యజమానులకు చేరకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం స్ఫూర్తితో సంఘం దీనికి పూచీ పడాలి.

6. ఏడాది దాటిన పాఠాలను వక్త సమ్మతితో జిల్లాల విద్యార్థులకు ఉచితంగా తెరవాలి.

సభలకు హాలు అద్దె, ఫలహారాల ఖర్చు ఎలాగూ అవుతోంది. దానికి రికార్డింగు, ఎడిటింగు వ్యయాన్ని చేర్చితే ఒక సాయంత్రపు శ్రమ ఏళ్ల తరబడి ఉపయోగపడుతుంది. కార్యవర్గాలు తమంతట తాము కదిలే వరకు వేచి ఉండనవసరం లేదు. రాబోయే వార్షిక సర్వసభ్య సమావేశపు ఎజెండాలో ఈ ఆరు తీర్మానాలను చేర్చవలసిందిగా ప్రతి సభ్యుడూ, ప్రతి సభ్యురాలూ తమ శాఖ కార్యదర్శిని లిఖితపూర్వకంగా కోరాలనీ, సమావేశానికి హాజరై వాటికి అనుకూలంగా ఓటు వేయాలనీ విజ్ఞప్తి.